తామరతూటి నూలు

సాంచెల, అనగా మరమగ్గముల, చప్పుడు విననివానికి దానిని వర్ణించి చెప్పుట కష్టము. ఇరువదేండ్లు వినినవానికి చెప్పుట వ్యర్థము, ఏలయన చెప్పినది వానికి వినబడదు. తెలంగాణపు పల్లెలవారు నేటికిని భీమండి యని పిలుచుకొను ఈ భివండీలో, పద్మానగరమున, ఆ చప్పుడు నడుమనే పెరిగిన మా కుటుంబము, నాలుగేండ్లుగా వాయిదాపడుచు వచ్చిన మ్రొక్కు తీర్చుకొనుటకై, నిరుడు మహాశివరాత్రికి శ్రీశైలము పోవ నిశ్చయించినది. నేను దేవుని నమ్మినవాడను గాను. అయినను మా అమ్మ చేతిసంచి మోయుటకు నమ్మకముతో పనిలేదు గనుక వెంట పోయితిని.

మీటరు లెక్కన కూలి ముట్టు ఈ పనిలో సాంచె ఆగిన క్షణముననే కూలియు ఆగును. పండ్రెండు గంటల పాళీలో నాలుగు సాంచెలు నడుపు నా తమ్మునికి ఆరు దినముల యాత్ర యనగా ఆరు దినముల కూలి పోవుటయు, బస్సు ఖర్చులకై సేటువద్ద బాకీ తెచ్చుటయు. ఈ లెక్క వానికి తెలియక కాదు, తెలిసియే బయలుదేరినాడు. భక్తులు లెక్క తెలియని అమాయకులని తలచు హేతువాదులు మాలో కొందఱున్నారు, వారెన్నడును కూలివాని జేబుపుస్తకము చూచి యుండరు.

బస్సు మన్ననూరు దాటి నల్లమలలో మలుపులు తిరుగుచుండగా మా అమ్మ పిల్లలకు కథ యెత్తుకొన్నది. "మనం ఉత్త కూలోల్లం గాదు బిడ్డా. మార్కండేయుని వంశం మనది. హోమగుండంల బుట్టిన ఆయన కొడుకు భావనరుషి తామరతూడుల నూలు దీసి దేవతలకు బట్టలు నేసిండు. ఆయనకు నూటొక్క మంది కొడుకులు. మన నూటొక్క గోత్రాలు ఆళ్లవే." ఆమె చిన్ననాట కూనపులివారు ఊరికి వచ్చి, చేర్యాల నకాషీలు వ్రాసిన పటమును మూరమూరగా విప్పుచు ఈ కథయే రాత్రుల తరబడి చెప్పెడివారట. ఆ పటములోని భావనరుషి భార్య భద్రావతీదేవి సూర్యుని కూతురని ఆమెకు నేటికిని జ్ఞాపకము. కాని ఆ సూర్యపుత్రిక అల్లు పట్టినట్లుగాని, రాట్నము వడికినట్లుగాని, కండెలు చుట్టినట్లుగాని ఆమె చెప్పిన కథలో ఎచ్చటను లేదు. నేతయింట సగముపని ఆడువారిదే కాగా, వంశకర్త మాత్రము ఒక్క మగ ఋషి!

ఇంతకును తామరతూటి నూలు అబద్ధము కాదు. బర్మాదేశమున ఇన్లే సరస్సు చుట్టునున్న గ్రామములలో స్త్రీలు తామరకాడను కత్తితో చుట్టును గాటుపెట్టి విఱిచి, రెండు తునుకలను మెల్లగా ఎడముగా లాగి, నడుమ సాలెగూటివలె సాగివచ్చు పోగులను తడిపిన బల్లపై అరచేతితో దొరలించి దారము చేయుదురు. ఒక్క ఉత్తరీయమునకు వేలకొలది కాడలు పట్టును. అందుకు హోమగుండము అక్కఱలేదు, వరము అక్కఱలేదు. వలసినది ఓర్పు, తడిచేయి, ఆరకముందే పని ముగించు చాకచక్యము. మనుష్యుల వ్రేళ్లు చేయగల పనిని దేవతల వరముగా మార్చినచో గౌరవము పెరిగినట్లు తోచును. నిజమునకు వ్రేళ్లకు దక్కవలసిన కీర్తి హోమగుండమునకు పోవుచున్నది.

ఈ మాటనే బస్సులో అనగా మా మేనమామ, "సదువుకోని సెడిపోయినవ్‌రా" అనెను. ఈ చెడిపోవుట మన తెలుగువారికి క్రొత్త కాదు. 1873లో జోతిరావు ఫూలే పూనాలో సత్యశోధక సమాజమును స్థాపించినప్పుడు అండగా నిలిచిన బొంబాయివారిలో వ్యంకు బాళాజీ కాళేవారు, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగువారు ఉండిరి. దేవునికిని మనుష్యునికిని నడుమ దళారి యేల యని అడిగిన సమాజమది. మా మామకు ఈ పేర్లు తెలియవు. నాకును నలువదేండ్లు వచ్చువఱకు తెలియలేదు. భావనరుషి పేరు మాత్రము పాలు త్రాగునాడే తెలిసినది.

శ్రీశైలము చేరితిమి. కులమునకొక సత్రము. మల్లికార్జునుని ఎల్లవారును చేతితో తాకవచ్చునని తరతరములుగా చెప్పుకొను క్షేత్రమున, అన్నము తినుటకు మాత్రము కులము పేరు చూచుకొని వాకిలి వెదకవలెను. మృత్యువును జయించిన మార్కండేయుని సంతతివారమని చెప్పుకొనుచు సత్రములో ప్రక్కప్రక్కన పండుకొన్నవారిలో, రాత్రియంతయు పొడిదగ్గు దగ్గనివారిని లెక్కించుట సులభము. దూదిపొడి యమునికంటె నెమ్మదిగా వచ్చును, అంతియే భేదము.

శివరాత్రినాడు పాగాలంకరణ. చీరాల ప్రాంతపు నేతవాడొకడు దినమునకు మూర చొప్పున ఏడాది పొడుగునను, మూడువందల అరువదియైదు మూరలు నేసి తెచ్చిన పాగాను, దీపములన్నియు ఆర్పిన చీకటిలో, దిగంబరుడై, విమానశిఖరము మొదలు ముఖమండపముపై నవనందుల వఱకు చుట్టును. ఆ పిమ్మటగాని స్వామి పెండ్లికొడుకు కాడు. క్రింద వేలమంది ఊపిరి బిగబట్టి నిలిచిరి. మా అమ్మ కన్నీరు పెట్టుకొన్నది. నేనును కదలితినని ఒప్పుకొందును. తమ చేతిబట్ట లేక దేవుని పెండ్లి ఆగునని తెలిసిన జనము ఒక్క రాత్రియైన తలయెత్తుకొని నిలుచుట నాకు నచ్చినది. నచ్చనిదేమనగా, ఆ తలయెత్తు చీకటిలోనే ముగియుట. ఏడాదిపాటు నేసిన మూరలకు కూలి యెంత యని అడుగుట పాపముగా తోచిన మనస్సుకు, మరునాడు సేటు మీటరుకు కొన్ని పైసలు కోసినను అడుగుట అలవాటు కాదు.

మేము తిరిగి వచ్చుసరికి నా తమ్ముని నాలుగు సాంచెలలో రెండింటిని మఱియొకనికి ఇచ్చిరి.

వచ్చు శివరాత్రికి మీరును శ్రీశైలము పోదలచినచో పొండు, పాగాను చూడుడు. వీలైనచో, కొంత చుట్టుత్రోవయైనను, చీరాల వైపు పోయి పగటివేళ ఒక గుంటమగ్గము ప్రక్క గంటసేపు కూర్చుండుడు. మూరకు ఎంత గిట్టుచున్నదో ఆ నేతవానినే అడుగుడు.