ఇంటి చాకిరీకి లెక్క ఏదీ?

నాట్ల కాలంలో కృష్ణా డెల్టా గ్రామాల నుంచి కూలీల ఆటోలు పొద్దు పొడవకముందే కదులుతాయి. పొలంలో పని మొదలయ్యేది ఆ తర్వాతే అయినా, మహిళా కూలీకి మాత్రం తెల్లవారుజామునే మొదలవుతుంది. వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, వంట ముగించి, క్యారియరు సర్ది, పిల్లలను లేపి ఆమె ఆటో ఎక్కాలి. సాయంత్రం భార్యాభర్తలు ఒకే వేళకు ఇల్లు చేరినా ఆయన రచ్చబండ వైపు, ఆమె పొయ్యి వైపు నడుస్తారు.

ఇది ఎవరికీ తెలియని విషయం కాదు. తేడా ఎంతన్నదే చాలాకాలం తేలలేదు. 1998-99లో కేంద్రం ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా సమయ వినియోగ సర్వే జరిపినప్పుడు ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. దేశవ్యాప్త సర్వే 2019లో, మళ్లీ 2024లో జరిగింది. ఆరేళ్లు, ఆపై వయసు వారిలో జీతం లేని ఇంటిపనికి 2019లో మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024లో అవి 289, 88. మహిళలకు పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపే పురుషులకూ తొమ్మిది తగ్గాయి!

అసలు సంగతి మరొకటి ఉంది. ఈ 88 నిమిషాలు మగవారందరి సగటు కాదు, ఇంటిపనిలో చేయి పెట్టిన వారిది మాత్రమే. అలాంటివారు నూటికి 27 మంది. మిగిలిన 73 మందినీ కలిపితే సగటు 24 నిమిషాలకు పడిపోతుంది. మహిళల్లో ఇంటిపని చేసినవారు నూటికి 81 మందికి పైమాటే. కనుక మగవారు తక్కువ చేస్తున్నారనడం కన్నా, అత్యధికులు అసలు ముట్టుకోవడం లేదనడమే సబబు.

మరోవైపు 15-59 ఏళ్ల మహిళల్లో ఉపాధి పనుల్లో పాల్గొన్నవారు ఈ అయిదేళ్లలో 21.8 శాతం నుంచి 25 శాతానికి పెరిగారు. అదే వయసువారి ఇంటిపని 315 నిమిషాల నుంచి 305కు మాత్రమే తగ్గింది. 1999లో దీపం పథకం వచ్చాక ఎన్నో ఇళ్లలో కట్టెల మోత తప్పింది. కానీ గ్యాస్ వెలిగించేదీ, మిక్సీ మీట నొక్కేదీ ఆమే.

ఈ శ్రమకు విలువ కట్టిన సందర్భాలు లేకపోలేదు. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో మరణించిన దంపతుల కేసులో సుప్రీంకోర్టు 2021 జనవరిలో పరిహారం పెంచింది. ఉమ్మడి కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ ఎన్.వి.రమణ అందులో విడిగా రాసిన తీర్పులో 2019 సర్వే అంకెలనే ప్రస్తావిస్తూ, గృహిణి శ్రమకు ఆదాయాన్ని లెక్కగట్టడం సమంజసమేనన్నారు. అయితే ఆ లెక్క ఆమె చనిపోయాకే వేశారు. 2011 జనగణనలో ఇంటిపనే తమ ప్రధాన వ్యాపకమని చెప్పిన మహిళలు దాదాపు 16 కోట్లని కూడా ఆయన గుర్తుచేశారు. అదే జనగణన వారిని పనిచేయనివారి జాబితాలో చేర్చింది.