గృహనిర్వహణము: ఇల్లాలి క్రొత్త తాళపుచెవి

ఇల్లాలి కొంగున తాళపుచెవుల గుత్తి యుండుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న మర్యాద. అత్తగారి చేతినుండి ఆ గుత్తి కోడలి చేతికి వచ్చిన దినమున ఇంటి పెత్తనమును వచ్చినట్లే యెంచెడివారు. అమెరికాలో కాపురములు చేయుచున్న మన తెలుగు సోదరీమణుల యిండ్లలో ఆ గుత్తి చేయు పనిని నేడు చాలవఱకు అఱచేతిలో నిముడు నొక చిన్న వస్తువు చేయుచున్నది. కారులో ఎండతెరకు తగిలించి యుండు గరాజు తలుపు రిమోటే యది. అది పోయినప్పుడును, పని చేయనప్పుడును గృహిణి యేమి చేయవలయునో యీ మాసము విచారింతము.

మన దేశమున చుట్టములు వచ్చినను ఇంటివారు వచ్చినను వీధిగుమ్మముననే లోపలికి వత్తురు. టెక్సాసు, కాలిఫోర్నియా వంటి రాష్ట్రములలో సొంత యిండ్లు గలవారి పద్ధతి వేఱు. అక్కడ వీధితలుపు అతిథులకు. ఇంటివారికి గరాజే గుమ్మము. కారు లోపలికి పోవును, పెద్దతలుపు దిగును, ప్రక్కనున్న చిన్నతలుపు తీసికొని వంటయింటిలోనికో బట్టలుదుకు గదిలోనికో పోవుదురు. వీధితలుపు తాళపుచెవి యెక్కడ నున్నదో నెలల తరబడి యెవరికిని జ్ఞాపకముండదు. కావున రిమోటు పోయిన దినమున పోయినది చిన్న యంత్రము కాదు, ఇంటి తాళపుచెవి. ఈ యొక్క మాటను మనసున నిలుపుకొన్నచో తక్కిన జాగ్రత్తలు వాటంతట నవియే తోచును.

ఇట్టివి మగవారి పనులని పెక్కుమంది సోదరీమణులు వీని జోలికి పోరు. కాని మగవారింట నున్నప్పుడే తలుపు మొరాయింపవలయునని నియమము లేదు గదా! పిల్లలను బడినుండి తెచ్చిన వేళ, వానలోనో మంచులోనో, తలుపు కదలక నిలిచిన యెడల భర్తగారు కచేరినుండి వచ్చువఱకు కారులో కూర్చుండుట తెలివైన పని కాదు. ఈ యంత్రమును తెలిసికొనుటకు గొప్ప చదువును అక్కఱలేదు.

తలుపు అంగములు

పైకి లేచు గరాజు తలుపును 1921లోను, దానిని విద్యుత్తుతో లేపు యంత్రమును 1926లోను అమెరికాలో సి. జి. జాన్సన్ అను నాతడు నిర్మించెను. నేటి రెండు కార్ల గరాజు తలుపు సామాన్యముగా 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల యెత్తు గలిగి మిక్కిలి బరువుగా నుండును. ఆ బరువును మోయునది మోటారని తలచెదము గాని యది నిజము కాదు. తలుపునకు పైన గట్టిగా మెలిపెట్టి బిగించిన ఇనుప స్ప్రింగులే బరువును మోయును. మోటారు దానిని కదలించును, అంతియే.

గరాజులో నిలిచి నాలుగింటిని గుర్తింపవలయును. ఒకటి, పైకప్పునకు వ్రేలాడు మోటారు. రెండు, తలుపు పైనున్న స్ప్రింగులు. మూడు, తలుపునకు ఇరుప్రక్కల నేలనుండి ఆఱు అంగుళములకు మించని యెత్తున నుండు రెండు చిన్న కన్నులు, వీనినే సెన్సర్లందురు. నాలుగు, మోటారు పట్టీనుండి వ్రేలాడు ఎఱ్ఱని త్రాడు. ఈ నాలుగును ఎఱిగిన గృహిణి సగము మరమ్మత్తు నేర్చినట్లే.

మొరాయించినప్పుడు

మొదట గరాజు లోపలనున్న గోడమీటను నొక్కి చూడవలయును. గోడమీటతో తలుపు కదలి, ఒక్క రిమోటుతో మాత్రము కదలనిచో తఱచుగా దోషము రిమోటులోని బ్యాటరీది. పెక్కు రిమోటులలో నాణెమువంటి సి.ఆర్. 2032 అను బ్యాటరీ యుండును. రిమోటు మూతను ఊడదీసి, పాత బ్యాటరీపై వ్రాసిన సంఖ్యను చూచి, ఆ సంఖ్యదానినే కొనవలయును.

ఇంటిలోని రిమోటులన్నియు ఒక్కమాఱే పని మానినచో గోడమీట పలకపై తాళము గుర్తు గల చిన్నమీటను చూడవలయును. ఊరికి పోవునప్పుడు రిమోటులను నిలిపివేయుటకై దానిని పెట్టినారు. తుడుచునప్పుడో, పిల్లలు ఆడుకొనునప్పుడో ఎవరి చేయియో తగిలి యుండును. దానిని మరల నొక్కి పట్టినచో చిక్కు తీరును.

దగ్గఱకు వచ్చిననే గాని రిమోటు పని చేయకున్నచో మోటారులో నమర్చిన దీపమును శంకింపవలయును. కొన్ని ఎల్.ఇ.డి. దీపములు రేడియో సంకేతమునకు అడ్డు తగులును. దీపమును తీసి చూచినచో నిజము తేలును. ఒక్కొక్కప్పుడు దోషము మన యింట నుండకయే పోవచ్చును. 2004, 2005 సంవత్సరములలో అమెరికాలో కొన్ని సైనిక స్థావరముల చుట్టుపట్ల, సైన్యమువారి క్రొత్త రేడియోలును గరాజు రిమోటులును ఒకే తరంగములను వాడుటచే, ఎన్నియో యిండ్ల తలుపులు పలుకక పోయినవి.

తలుపు సగము దిగి మరల పైకి పోవుచున్నచో కోపింపరాదు. అది మనలను కాపాడుచున్నది. సెన్సర్ల కన్నులకు సాలెగూడో ధూళియో పట్టి యుండును, లేదా చీపురు తగిలి యొకటి ప్రక్కకు తిరిగి యుండును. మెత్తని బట్టతో తుడిచి, రెండును ఎదురెదురుగా చూచునట్లు సరిదిద్దవలయును. తలుపుల క్రింద చిక్కి పిల్లలు మరణించుటచే అమెరికాలో 1990లో చట్టము చేసిరి. 1993 జనవరి 1 మొదలు తయారగు గృహయంత్రములకు ఇట్టి కన్నులో, అంత రక్షణ నిచ్చు వేఱొక సాధనమో యుండి తీరవలయును. వానిని విప్పి కప్పునకు కట్టివేయువారు కొందఱు కలరు. పసిబిడ్డలు తిరుగు ఇంట అది మహాపరాధము.

గోడమీటయు పని చేయనిచో విద్యుత్తు వచ్చుచున్నదో లేదో చూడవలయును. మోటారు తీగను గ్రుచ్చిన సాకెట్టుగాని, ఇంటి బ్రేకరుగాని పడిపోయి యుండును.

ఇక ఫిరంగి ప్రేలినట్లు పెద్ద చప్పుడై, తలుపు మిక్కిలి బరువెక్కినచో స్ప్రింగు తెగినదని తెలియవలయును. స్ప్రింగు చుట్టలలో ఎడము కానవచ్చును. అప్పుడు మోటారును నడుపరాదు, ఎఱ్ఱత్రాటిని లాగరాదు, స్ప్రింగును ముట్టరాదు. దాని బిగువు ప్రాణాపాయకరము. పనివానిని పిలిపించుటయే కర్తవ్యము.

పోయినప్పుడు

రిమోటు ఇంటిలో నెక్కడనో పడినదని నిశ్చయముగా తెలిసినచో వెదకికొనవచ్చును. కారు అద్దము పగులగొట్టి యెవరో కొనిపోయినను, ఎక్కడ పోయినదో తెలియకున్నను, మఱునాటికి వాయిదా వేయరాదు. కారులో నుండు రిజిస్ట్రేషను కాగితముపై ఇంటి చిరునామా యుండును. చిరునామాయు తాళపుచెవియు ఒక్క చేత బడిన పిమ్మట దొంగకు కొదవ యేమి?

క్రొత్త రిమోటులు మీట నొక్కిన ప్రతిసారియు వేఱొక సంకేతమును పంపును. ఒకమాఱు చెల్లినది మరల చెల్లదు. ఇందుచే గాలిలో సంకేతమును పట్టి దాచుకొని వాడుట కష్టము. పాత యంత్రములలో ఒకటే సంకేతము. రిమోటు మూత లోపల ఎనిమిదో పదియో పండ్రెండో చిన్న చిన్న స్విచ్చులు వరుసగా నున్నచో అది అట్టి పాతదే. సామీ కంకార్ అను పరిశోధకుడు 2015లో, పిల్లల యాటవస్తువు నొకదానిని మార్చి, అట్టి తలుపులను పది సెకనులలోపల తెఱవవచ్చునని చూపెను. అట్టి యంత్రము గలవారు దానిని మార్చుకొనుట మేలు.

అయినను పోయిన రిమోటే దొంగ చేతిలో నున్నప్పుడు క్రొత్తదనమెల్ల వ్యర్థము. యంత్రము దృష్టిలో అది యింటివారి రిమోటే. కావున యంత్రముచే దానిని మఱపింపవలయును. పెక్కు మోటారులపై లెర్న్ అని వ్రాసిన యొక మీట కలదు. పీట వేసికొని, దానిని దీపమాఱువఱకు నొక్కి పట్టవలయును. చాల యంత్రములలో ఆఱు సెకనులు చాలును. అంతటితో యంత్రము అన్ని రిమోటులను మఱచును. తరువాత ఆ మీటను ఒకమాఱు నొక్కి విడిచి, అర నిమిషములోపల మన చేతనున్న రిమోటు మీటను నొక్కినచో దీపము మినుకుమని దానిని గుర్తుపెట్టుకొనును. ఇట్లే ప్రతి రిమోటునకును, కారులోనే యమర్చియున్న మీటకును, బయటి అంకెల పలకకును చేయవలయును. యంత్రములలో భేదములు కలవు గనుక దానితో వచ్చిన పుస్తకమును చూచుకొనుట మంచిది.

పాత యింటిని కొన్నవారు గృహప్రవేశమునాడే ఈ పని చేయవలయును. వెనుకటివారు ఎందఱి కెన్ని రిమోటులిచ్చిరో యెవరికి తెలియును? అట్లే కారు నమ్మునప్పుడు దానిలోని మీటల జ్ఞాపకమును తుడిచివేయవలయును. గరాజునుండి యింటిలోనికి పోవు చిన్నతలుపునకు రాత్రులందు తప్పక గడియ వేయవలయును.

విద్యుత్తు లేనప్పుడు

2017లో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చులు చెలరేగినప్పుడు విద్యుత్తు పోయి, గరాజు తలుపు తెఱవలేక ప్రాణములు కోల్పోయినవారు కలరు. పిమ్మట ఆ రాష్ట్రమువారు 2018లో చట్టము చేసి, 2019 జూలై 1 నుండి అక్కడ అమ్ము యంత్రములకు విద్యుత్తు లేనప్పుడు పని చేయు బ్యాటరీ యుండవలయునని నిర్ణయించిరి. తక్కిన పాత యంత్రముల వారికి ఎఱ్ఱత్రాడే గతి.

తలుపు పూర్తిగా మూసియున్నప్పుడు ఆ త్రాటిని క్రిందికి గట్టిగా లాగినచో మోటారునుండి తలుపు విడివడును. అప్పుడు రెండు చేతులతో తలుపును పైకెత్తవచ్చును. స్ప్రింగులు బాగుగ నున్నచో స్త్రీలకును అది అసాధ్యము కాదు. తలుపు తెఱచియున్నప్పుడు త్రాటిని లాగరాదు. స్ప్రింగు బలహీనమైనచో తలుపు ధడాలున పడును. విడివడిన తలుపును బయటినుండి యెవరైనను ఎత్తగలరు గనుక మూసిన పిమ్మట లోపలి గడియ వేయవలయును. లోపలికి పోవుటకు వేఱు దారి లేని గరాజునకు, బయటినుండి తాళపుచెవితో మోటారును విడిపించు సాధనమును ముందుగానే పెట్టించుకొనవలయును.

మఱియొక మాట. 2021 ఫిబ్రవరిలో టెక్సాసున మంచు కురిసి దినముల తరబడి విద్యుత్తు లేనప్పుడు, వెచ్చదనమునకై గరాజులో కారును నడిపి, ఆ విషవాయువుచే మరణించినవారు కలరు. ఎంత చలియైనను గరాజులో కారు నడుపుచు కూర్చుండరాదు.

ఇంటనున్న పెద్దలు, పిల్లలు

స్వదేశమునుండి తల్లిదండ్రులో అత్తమామలో వచ్చి నెలల తరబడి యుందురు. పగటివేళ కొడుకు, కోడలు పనులకు పోవుదురు. పెద్దవారు గాలికై బయటికి వచ్చినప్పుడు వెనుక తలుపు మూసికొనిపోయిన యెడల ఆ పరాయి వీధిలో వారెవ్వరి నడుగుదురు? ఎండలో మెట్లమీద కూర్చుండి సాయంకాలమువఱకు ఎదురుచూడవలసి వచ్చును. కావున వారు వచ్చిన మొదటి వారములోనే చేయి పట్టి గోడమీటను, ఎఱ్ఱత్రాటిని చూపి, మన యెదుట ఒకమాఱు తెఱపింపవలయును. గోడమీట ప్రక్కన తెలుగులో నాలుగు ముక్కలు వ్రాసి అంటింపవలయును. వీధితలుపు తాళపుచెవిని దారమున గ్రుచ్చి వారి చేతికే యీయవలయును. నమ్మకమైన పొరుగింట మఱియొకటి యుంచినచో ఇంకను మేలు.

పిల్లలకు రిమోటు ఆటవస్తువు కారాదు. నెలకొకమాఱు, ఒకటిన్నర అంగుళము మందము గల కొయ్యపలకను తలుపు క్రింద నేలపై పఱచి తలుపును దింపి చూడవలయును. పలక తగిలిన వెంటనే తలుపు మరల పైకి పోవలయును. పోనిచో బాగుచేయించువఱకు యంత్రమును వాడరాదు.

హైదరాబాదు, విజయవాడ వంటి పట్టణములలోను ఇప్పుడు కొందఱి యిండ్ల గేట్లు రిమోటుతో జరుగుచున్నవి. వానిని చేతితో జరుపుటకు మోటారుతోపాటు ఒక చిన్న తాళపుచెవి వచ్చును. అది యెక్కడ నున్నదో కాపలావానికి మాత్రమే కాక ఇల్లాలికిని తెలిసియుండవలయును.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట అను సామెత మనకు తెలియనిది కాదు. నేటి సాయంకాలమే ఒక పావుగంట గరాజులో నిలిచి, ఇంటిల్లిపాదిని పిలిచి, ఆ యెఱ్ఱత్రాటిని అందఱిచేత ఒకమాఱు లాగింపుడు. పెద్దవారి చేయి అందనంత ఎత్తున నున్నచో దానికి మఱియొక మూర త్రాడు కట్టి వ్రేలాడదీయుడు.