సన్నబడే మందులు – రుజువు మాటేమిటి?

స్త్రీల ఆరోగ్యం అనగానే మన సమావేశాల్లో రక్తహీనత, గర్భసంచి ఆపరేషన్లు, కాన్పుల్లో చావులు, కుటుంబ నియంత్రణ పద్ధతులు చర్చకొస్తాయి. సన్నబడటానికి మింగే మాత్రలు, నీళ్ళలో కలుపుకుని తాగే పొడుల ఊసు రాదు. అదంతా డబ్బున్న ఆడవాళ్ళ వ్యవహారమనీ, ఎవరి ఇష్టం వాళ్ళదనీ ఒక అభిప్రాయం మనలో ఉండిపోయింది. కానీ కొంతకాలంగా నేను పనిమీద వెళ్ళిన చోటల్లా ఆ డబ్బాలు కనబడుతున్నాయి. ఉద్యోగినుల హాస్టళ్ళలో, పొదుపు సంఘాల సమావేశాల్లో, ఒక స్వచ్ఛంద సంస్థ ఆఫీసు బీరువాలో ఫైళ్ళ పక్కన కూడా చూశాను. అమ్మేదీ ఆడవాళ్ళే, కొనేదీ ఆడవాళ్ళే. అందులో ఏముందని అడిగితే "అంతా మూలికలేనండీ, సైడ్ ఎఫెక్టులుండవు" అంటారు. పని చేస్తుందా అంటే, వాడి తగ్గిన ఫలానా ఆవిడ ఫొటో సెల్‌ఫోన్లో తీసి చూపిస్తారు.

ఫొటో రుజువు కాదు. పదిహేను వందలు పోసి డబ్బా కొన్న మనిషి చేతులు ముడుచుకుని కూర్చోదు. రాత్రిపూట అన్నం మానేస్తుంది, తీపి తగ్గిస్తుంది, తెల్లారగట్ల నడకకు పోతుంది. మూడు కిలోలు తగ్గితే ఆ ఘనతంతా పొడికి పోతుంది. తగ్గకపోతే మాత్రం తప్పు ఆమెది, "నువ్వు సరిగ్గా పాటించలేదు" అంటారు. అందుకే వైద్య పరిశోధనల్లో సగం మందికి అసలు మాత్ర, మిగతా సగానికి చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరు ఏది మింగుతున్నారో మింగేవాళ్ళకూ తూచేవాళ్ళకూ చివరిదాకా తెలియనివ్వరు. నేను వైద్యురాలిని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. అయితే పరిశోధన ఎలా చేస్తారో, దాన్ని ఎలా వంచుతారో గమనించడం నా వృత్తిలో భాగం. ఆ దృష్టితోనే ఈ డబ్బాల మీది పేర్లను ఒక్కొక్కటిగా చూశాను.

మొదటిది గార్సీనియా. వినటానికి కొత్తగా ఉన్నా ఇది మన పక్కింటిదే. కేరళలో చేపల పులుసులో వేసే కుడంపులి. దాని తొక్కలో ఉండే హైడ్రాక్సీ సిట్రిక్ యాసిడ్ కొవ్వు పట్టకుండా ఆపుతుందని ప్రచారం. 1998లో 'జామా' అనే అమెరికా వైద్య పత్రికలో దీనిమీద ఒక అధ్యయనం వచ్చింది. 135 మందిని తీసుకుని 12 వారాలపాటు అందరికీ తక్కువ కాలరీల ఆహారం పెట్టారు. ఒక జట్టుకు రోజుకు 1500 మిల్లీగ్రాముల ఈ యాసిడ్, రెండో జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అసలు మాత్ర మింగినవాళ్ళు సగటున 3.2 కిలోలు తగ్గారు. ఉత్తుత్తి మాత్రవాళ్ళు 4.1 కిలోలు తగ్గారు! గణాంకశాస్త్రం ప్రకారం ఆ తేడా లెక్కలోకి రాదు. అంటే తగ్గించింది తిండిలో మార్పే. ఆ ఫలితం వచ్చి పాతికేళ్ళు దాటినా గార్సీనియా అమ్మకాలు ఆగలేదు.

గ్రీన్ టీ సారం రెండోది. వైద్య అధ్యయనాలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2012లో దీన్ని పరిశీలించింది. జపాను వెలుపల జరిగిన అధ్యయనాల్లో బరువులో తేడా దాదాపు సున్న. కప్పులో కాచుకుని తాగే టీ వల్ల భయం లేదు. ఆ టీని చిక్కగా సారం తీసి మాత్రల్లో కూరినప్పుడే సమస్య. అందులోని ఇ.జి.సి.జి. అనే పదార్థం మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకుంటే కాలేయం దెబ్బతింటున్న సూచనలు కనబడవచ్చునని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. గార్సీనియా వాడినవాళ్ళలో కూడా కాలేయం పాడైన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. క్రోమియం వల్ల ఒక కిలో అటూఇటుగా తగ్గవచ్చు, ఆ ఆధారం కూడా బలహీనమైనదేనని కోక్రేన్ 2013లో తేల్చింది. న్యాయంగా చెప్పాలంటే కొంజాక్ దుంప నుంచి తీసే గ్లూకోమానన్ అనే పీచుకు కొంత ఆధారం ఉంది. తిండి తగ్గించుకుంటూ, భోజనానికి ముందు మూడు విడతలుగా రోజుకు మొత్తం 3 గ్రాములు నీళ్ళతో తీసుకుంటే బరువు తగ్గడానికి తోడ్పడుతుందని చెప్పుకోవచ్చునని యూరప్ సంస్థ 2010లో ఒప్పుకుంది. నీళ్ళు చాలకపోతే అదే పీచు గొంతులో ఉబ్బి ప్రాణం మీదికి తెస్తుంది. ఆ మాట డబ్బా అమ్మే మనిషి నోట నేనెక్కడా వినలేదు.

పచ్చి కాఫీ గింజల సారం కథ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది మన పొరుగు రాష్ట్రంలో మొదలైంది. అమెరికాలోని ఒక ముడిసరుకు కంపెనీ 2010లో బెంగుళూరులో 16 మంది మీద ఈ సారాన్ని పరీక్ష చేయించింది. సగటున 8 కిలోల దాకా తగ్గారన్న ఫలితంతో 2012 జనవరిలో వ్యాసం అచ్చయింది. ఆ ఏడాదే డాక్టర్ ఓజ్ తన టీవీ కార్యక్రమంలో దీన్ని ఆకాశానికెత్తాడు. దుకాణాలు నిండిపోయాయి. 2014లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషను ఆరా తీస్తే గుట్టు బయటపడింది. పరీక్ష చేసిన ముఖ్య పరిశోధకుడు మనుషుల బరువులను మళ్ళీ మళ్ళీ మార్చి రాశాడు, పరీక్ష జరిగిన కాలాన్ని మార్చాడు, ఎవరు అసలు మందు తీసుకున్నారో ఎవరు ఉత్తుత్తిది తీసుకున్నారో కూడా తారుమారు చేశాడు అని కమిషను ఆరోపించింది. ఆయన రాసింది అచ్చుకు నోచుకోకపోతే, కంపెనీ అమెరికాలో ఇద్దరు అధ్యాపకులకు డబ్బిచ్చి దాన్ని తిరగరాయించింది. చివరికి కంపెనీ 35 లక్షల డాలర్లు కట్టి రాజీకొచ్చింది. వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. డాక్టర్ ఓజ్ ఆ ఏడాది జూన్‌లో సెనేట్ కమిటీ ముందు కూర్చుని మాటలు పడ్డాడు. అదే పెద్దమనిషి 2025లో అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమాను నడిపే సంస్థకు అధిపతి అయ్యాడు!

ఆ 16 మందిలో సగం మంది స్త్రీలు. వాళ్ళ ఒంటి మీద తీసిన కొలతలు మారిపోయి, సముద్రాలు దాటి, ప్రకటనగా మారి తిరిగి మన ఊళ్ళకే డబ్బాల్లో వచ్చాయి.

కొన్ని మాత్రలు మాత్రం నిజంగానే పనిచేస్తాయి, చాలా త్వరగా కూడా. అలాంటివే ఎక్కువ ప్రమాదం. అమెరికాలో 2007 నుంచి 2016 దాకా అధికారులు పట్టుకున్న కల్తీ సప్లిమెంట్లు 776. వాటిలో సుమారు 40 శాతం సన్నబడటానికి అమ్మినవే. మూలికలని రాసి ఉన్న ఆ మాత్రల్లో ఎక్కువగా బయటపడింది సిబుట్రమిన్ అనే మందు. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుందని అమెరికా, యూరప్‌లలో 2010లో దాన్ని మార్కెట్ నుంచి తొలగించారు, మన దేశంలో 2011లో నిషేధించారు. ఎఫెడ్రా అనే మూలిక సంగతీ అంతే. గుండెకు ప్రమాదమని అమెరికా 2004లో దాన్ని సప్లిమెంట్ల నుంచి నిషేధించింది. మూలిక అయినంత మాత్రాన అపాయం లేనిదనే వాదన అక్కడే వీగిపోయింది. ఇక 2025 మార్చిలో మన మార్కెట్లోకి వచ్చిన టిర్జెపటైడ్ లాంటి సూదిమందులు వేరు. అవి వేలమంది మీద పరీక్షించి, డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు. వాటి ధర, వాటి చుట్టూ సాగే వ్యాపారం గురించి విడిగా మాట్లాడుకోవాలి.

మరి చట్టాలు లేవా? ఉన్నాయి. అభ్యంతరకర ప్రకటనలను నిరోధించే 1954 నాటి డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టం, ఏయే జబ్బులు నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వకూడదో జాబితా ఇచ్చింది. అందులో స్థూలకాయం ఉంది. అందుకే కంపెనీలు తమ సరుకును మందు అనవు, ఆహారం అంటాయి. ఆహారమైతే అమ్మడానికి ముందు పనిచేస్తుందని రోగుల మీద పరీక్షించి చూపించనక్కర్లేదు. డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ వారి 14 అంకెల నంబరును చూసి "గవర్నమెంటు ఒప్పుకుందండీ" అనుకుంటాం. అది తయారీదారు లైసెన్సు నంబరు, ఫలితానికి హామీ కాదు. వైద్యానికి వాడరాదన్న మాట కూడా ఆ డబ్బా మీదే సన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటుంది. కొనే మనిషికి ఇంగ్లీషు రాదు, అమ్మే మనిషి చదవదు.

1985లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేద స్త్రీలకు నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ పరీక్షిస్తుంటే, అది ప్రయోగమని ఆ స్త్రీలకు చెప్పలేదని బయటపెట్టింది స్త్రీశక్తి సంఘటన. మరుసటి ఏడాది మరికొన్ని మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అప్పటికి నేను పలకా బలపం పట్టిన పిల్లని, ఇదంతా పెద్దవాళ్ళు చెప్పగా విన్నదే. ఒంట్లోకి వెళ్ళేదేమిటో, దానివల్ల ఏమవుతుందో తెలుసుకునే హక్కు స్త్రీకి ఉందన్నది ఆ పోరాటం నేర్పిన పాఠం. అప్పుడు ఎదురుగా ఉన్నది ప్రభుత్వం కాబట్టి ప్రశ్న స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు ఎదురుగా ఉన్నది మార్కెట్. ఆమె తన డబ్బుతో తనే కొంటోంది కాబట్టి సమ్మతి ఉన్నట్టే తోస్తుంది. తెలియనిచ్చేవాళ్ళు లేనిచోట సమ్మతి అనే మాటకు అర్థం లేదు.

బరువు గురించి బెంగపడటమే పితృస్వామ్య భావజాలమని కొట్టిపారేసే వాదనతో నేను ఏకీభవించను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం స్త్రీలు అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. బరువూ రక్తహీనతా ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే ఒంట్లో ఉంటున్నాయి. పూటపూటా తెల్లన్నం, అందరూ తిన్నాక మిగిలింది తినడం, కూరలూ పప్పూ కొనలేని జీతాలు, నడవటానికి జాగా లేని వీధులు, మోకాళ్ళ నొప్పులు, పట్టించుకోని థైరాయిడ్: వీటిలో ఒక్కదానికీ పొడి సమాధానం కాదు. పూట భోజనం మాని ఆ స్థానంలో పొడి తాగుతున్న రక్తహీనురాలికి జరిగే నష్టం తూకంలో కనబడదు. పెళ్ళి సంబంధం కోసం పద్దెనిమిదేళ్ళ పిల్లకు తల్లే ఆ పొడి కలిపిస్తున్నప్పుడు ఎవరి ఇష్టం ఎవరిదని అడగాలి?

అమ్మే స్త్రీలను దోషులుగా నిలబెట్టడం కూడా సరికాదు. వాళ్ళలో చాలామంది ముందు సరుకుకు అప్పుచేసి డబ్బు కట్టినవాళ్ళు, ఇంకో నలుగురిని చేరిస్తేనే కమిషను దక్కేవాళ్ళు. సంఘం పొదుపు డబ్బు ఈ సరుకులోకి పోతున్నచోట కార్యకర్తలు మొదట మాట్లాడవలసింది వాళ్ళతోనే.

వచ్చే మూడు నెలల్లో మీ శాఖలు ఒక పని చేయాలని కోరుతున్నాను. మీ ప్రాంతంలో అమ్మే డబ్బాల లేబుళ్ళు, బిల్లు, కరపత్రం, అమ్మేటప్పుడు చెప్పిన మాటలు సేకరించి మాకు పంపండి. కొన్నవాళ్ళ పేర్లు అక్కర్లేదు. ఆహార భద్రతా చట్టం 2006లోని 53వ సెక్షన్ తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా విధించవచ్చునంటోంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థకు కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. విడివిడిగా అడగాలనుకునేవాళ్ళకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఇప్పటికే వాడుతున్నవాళ్ళెవరికైనా కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్ళంతా దురద, విపరీతమైన నీరసం ఉన్నా వెంటనే ఆపించి, డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. డాక్టరు అడిగినా అడగకపోయినా ఆ డబ్బా బల్ల మీద పెట్టండి.