వీధి చివర మామ కొట్టు

సముద్రం దాటి కొడుకింటికి వెళ్ళిన పెద్దవాడికి రెండు కష్టాలు తప్పవు. వొకటి, భార్య తినదు. రెండు, మనవరాలు మాట్లాడదు. ఆమధ్య కౌలాలంపూరు పక్కన పెటాలింగ్ జయలో మా అబ్బాయి యింట రెండు నెలలున్నప్పుడు నాకు రెండూ సంప్రాప్తించేయి.

మా ఆవిడ గోంగూర జాడీతో విమానం యెక్కింది. "సముద్రం దాటేను గాని ఆచారం దాటను" అని ముందే ప్రకటించింది. ఇక మనవరాలు తొమ్మిదేళ్ళది. ఇంగ్లీషూ, మలయ్ భాషా గడగడా మాట్లాడుతుంది. తెలుగులో అడిగితే తెలుసుకుంటుంది గాని జవాబు మాత్రం ఇంగ్లీషే. నేను రోజూ పొద్దున్నే పలక పట్టుకు కూచునేవాణ్ణి. నన్ను చూడగానే దానికి కడుపునొప్పి వచ్చేది. కోడలి మొహం మాడేది. వారం తిరక్కుండా ఇల్లు కోర్టుగా మారింది.

వొక సాయంత్రం మా అబ్బాయి, "నాన్నా, వీధి చివర మామ కొట్టుకి పోదాం" అన్నాడు.

"ఎవరి మామరా?"

"వూరందరి మామా!"

తమిళ ముస్లిములు నడిపే హోటళ్ళని అక్కడ 'మామక్' కొట్లంటారు. తమిళంలోని మామ అన్న పిలుపే అలా మారిందిట. చాలాచోట్ల రాత్రింబవళ్ళు తెరిచే వుంటాయి. ప్లాస్టిక్ కుర్చీల్లో మలయ్‌వాళ్ళు, చీనావాళ్ళు, మనవాళ్ళు పక్కపక్కనే కూచుని తింటున్నారు.

నాసి లెమాక్ అని వొకటుంది. కొబ్బరిపాలతో, పాండన్ ఆకు వేసి వండిన అన్నం. ఆ ఆకు మన మొగలికి దగ్గర చుట్టం. పక్కన వేరుశనగపప్పు, దోసకాయ ముక్కలు, గుడ్డు, ఎర్రటి కారం. "అబ్బ, ఎంత వాసన!" అన్నాను. "ఆశపడకండి, ఆ కారంలో రొయ్యలముద్ద వుంటుంది, పైన ఎండుచేపలు" అన్నాడు మావాడు. మా ఆవిడ కుర్చీ నాలుగంగుళాలు వెనక్కి జరుపుకుంది.

రోటీ చనాయ్ మన పరోటాకి పినతల్లి కొడుకు. మైదాపిండిని గాలిలో తిప్పి చాకిరేవు బట్టలా పలచగా చేసి, మడతలు పెట్టి కాలుస్తారు. వట్టిది కావాలంటే 'రోటీ కొసోంగ్' అనాలి. కొసోంగ్ అంటే సున్న. మనవరాలు దర్జాగా అదే తెప్పించింది, పప్పుపులుసుతో సహా. "ఆ పెనం మీద ఇంకేమేం కాల్చేరో" అని మా ఆవిడ ముట్టలేదు.

టీ దగ్గర మాత్రం ఆవిడ మెత్తబడింది. తే తారిక్ అంటే 'లాగిన టీ'. డికాక్షనులో డబ్బాపాలు పోసి, వొక లోటాలోంచి మరో లోటాలోకి బారెడెత్తునుంచి నురుగు కట్టేదాకా తిరగబోస్తారు. "మా నాన్న కాఫీ ఇలాగే చల్లార్చేవారు" అంటూ గుటకేసింది. ఇక్కడి ఉదయపు ఫలహార సంప్రదాయాన్ని, ఈ మూడింటితో సహా, యునెస్కోవారు 2024లో తమ వారసత్వ జాబితాలో చేర్చేరట. మా ఆవిడ వాళ్ళకన్నా ఆలస్యం చేసిందని నేనన్నాను.

అంతటితో వూరుకుంటే బాగుండేది. "టీ ఎలా వుందే?" అని పిల్లనడిగేను. ఇంగ్లీషులో జవాబొచ్చింది. "తెలుగులో చెప్పవే!" అని అరిచేను. పిల్ల తలొంచుకుంది.

పక్కబల్ల ముసలాయన లేచి వచ్చేడు. "ఏ వూరు బాబూ మీది?"

ఆ మాటలో శ్రీకాకుళం యాస! కాని ఆయన ఆంధ్రదేశం మొహమే ఎరగడు. తాత బాగన్ డాతుక్ దగ్గర కొబ్బరితోటలో కూలికి వచ్చేడట. ఆ రోజుల్లో కంగాణీలు మన జిల్లాలనుంచి ఇలా మనుషుల్ని తోటలకి తోలుకువచ్చేవారు. 1938లో ఇండియా ప్రభుత్వం ఆ కూలీల వలసని ఆపించింది. అక్కడి మనవాళ్ళు 1955లో మలయా ఆంధ్రసంఘం పెట్టుకున్నారు.

"ఇంత తెలుగు ఎవరు నేర్పేరండీ?"

"నేర్పడమేటి బాబూ? మా అమ్మకి ఇంకో బాస రాదు. అన్నం కావాలంటే తెలుగులోనే అడగాల. నా పిల్లలికి ఆ అవసరం రాలేదు. మా ఆడది పోయినాక నాతో తెలుగులో దెబ్బలాడేవోళ్ళే లేరు" అని నవ్వేడు. ఆ నవ్వు చూడలేక గ్లాసులోకి చూశాను.

మనవరాలు ఆయనకేసి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లిగా, "తాతా, టీ కావాలా?" అంది.

ఆయన ఆ టీ తాగినంతసేపు పిల్ల అడుగుతూనే వుంది, తప్పులతడకగా. ఆయన వొక్క తప్పూ దిద్దలేదు.

మర్నాడు పలక అటక ఎక్కించేను. అప్పట్నుంచి రోజూ సాయంత్రం మామ కొట్టే మా బడి. నాకు మలయ్ రాదు. నాకేం కావాలో తెలుగులో పిల్లకి చెప్పాలి, అది తెప్పించిపెట్టాలి. చక్కెర ఎక్కువైతే నన్ను తెలుగులో కోప్పడుతుంది. కోడలు కూడా నవ్వుతూ వెంట వచ్చేది.

తిరుగు ప్రయాణానికి మూడ్రోజుల ముందు మా ఆవిడ, "పెనం కడగమని చెప్పవే" అంది మనవరాలితో. రెండు కొసోంగులు తిన్నది.