29 నాటౌట్



పరీక్షా ఫలితములు వచ్చే దినములలో మన ఇండ్లలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "ఇంక అంతా అయిపోయింది." ఒక్క మార్కుతో సీటు తప్పిన అబ్బాయి ఆ మాటే అంటాడు. ఇంటర్వ్యూలో ఎంపిక కాని అమ్మాయి ఆ మాటే అంటుంది. కొన్నిసార్లు వారికంటె ముందుగా తలిదండ్రులమైన మనమే అనేస్తాము. అందుచేత ఈ నెల ఒక ఆటగాని జీవితమును తెలిసికొందాము. మన దేశములో ఆయన పేరు విన్నవారు బహు తక్కువ.

ఆయన పేరు ఆండ్రూ డకట్. అందరూ ఆండీ అని పిలిచేవారు. 1886 ఫిబ్రవరి 16న లండను నగరములోని బ్రిక్స్‌టన్‌లో జన్మించారు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ చలికాలపు ఆట, క్రికెట్ వేసవి ఆట. కనుక ఆ రోజులలో ఒకే మనిషి రెండింటినీ జీవనోపాధిగా చేసికొనుటకు వీలుండేది. డకట్ 1905లో ఉల్విచ్ ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్బులోను, 1906లో సర్రీ కౌంటీ క్రికెట్ జట్టులోను ఆడుట మొదలుపెట్టారు. ఈ రెండు ఆటలలోను ఇంగ్లండు దేశము తరఫున ఆడిన అతి కొద్దిమందిలో ఆయన ఒకరు.

1912లో ఆస్టన్ విల్లా అనే పేరుగల క్లబ్బు ఆయనను తీసికొన్నది. చేరిన కొద్ది నెలలకే ఆటలో కాలు విరిగింది. 1913 ఏప్రిల్‌లో ఆ జట్టు సండర్లండును ఓడించి ఇంగ్లండులోని అతి ముఖ్యమైన పోటీయైన ఎఫ్.ఏ. కప్పును గెలుచుకొన్నది. ఆ దినమున డకట్ మైదానములో లేరు. తన జట్టు గెలిచిన కప్పులో తన చేయి లేకపోవుట ఒక ఆటగానికి ఎంత బాధో చెప్పనక్కరలేదు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరములు.

ఆయన కాలు బాగైనది గాని కాలము బాగుండలేదు. 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చింది. కౌంటీ క్రికెట్ పోటీలు ఆగిపోయాయి. 1915 తరువాత కప్పు పోటీలు కూడ నిలిచిపోయాయి. క్రీడాకారునికి 28 నుండి 32 వరకు పంటకాలము వంటిది. ఆ వయస్సంతయు యుద్ధము పాలైనది. ఎందరో ఆటగాండ్రు తిరిగి రానేలేదు.

యుద్ధము ముగిసిన తరువాత డకట్ ఏమి చేశారు? మళ్లీ మొదలుపెట్టారు. 1919లో ఓవల్ మైదానమున ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము జట్టుపై 306 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచారు. మరుసటి యేడు విజ్డెన్ అనే ప్రసిద్ధ క్రికెట్ గ్రంథము ఆయనను ఆ సంవత్సరపు శ్రేష్ఠ క్రికెటర్లలో ఒకరిగా ఎన్నుకొన్నది. అదే 1920 ఏప్రిల్ 24న, స్టాంఫర్డ్ బ్రిడ్జ్ మైదానములో, ఆస్టన్ విల్లా హడర్స్‌ఫీల్డ్‌పై అదనపు సమయములో 1-0తో నెగ్గింది. యుద్ధానంతరము జరిగిన మొదటి కప్పు ఫైనల్ అది. ఆ దినమున విజేతల నాయకుడు 34 ఏండ్ల ఆండీ డకట్. ఏడేండ్ల క్రితము తప్పిపోయినది అలా చేతికి వచ్చింది.

అయితే పాఠకులారా, పోయినదంతా తిరిగి వస్తుందని చెప్పుటకు మేము ఈ కథ వ్రాయుట లేదు. 1921లో లీడ్స్ నగరమున ఆస్ట్రేలియాపై టెస్టు ఆడే అవకాశము ఆయనకు వచ్చింది. మెక్‌డొనాల్డ్ వేసిన వేగవంతమైన బంతికి ఆయన బ్యాటు ముక్క విరిగి వికెట్లమీద పడింది. బంతి స్లిప్పులో ఉన్న గ్రెగరీ చేతిలో పడింది. ఏ విధముగా చూచినా ఔటే! మొదటి ఇన్నింగ్సులో 3 పరుగులు, రెండవ దానిలో 2. మరల ఆయనను టెస్టుకు పిలువలేదు. ఆ ఒక్క తలుపు తిరిగి తెరువబడలేదు.

ఆయన మాత్రము దానియెదుటనే కూర్చుండిపోలేదు. 1931 వరకు సర్రీ తరఫున ఆడుతూ మొత్తము 23 వేలకు పైగా పరుగులు, 52 శతకములు చేశారు. ఫుల్హాం ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆటగానిగాను, తరువాత మేనేజరుగాను పనిచేశారు. ఈటన్ పాఠశాల పిల్లలకు క్రికెట్ నేర్పారు. పత్రికలకు ఆటల విశేషములు వ్రాశారు.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము. 1940 మే 14న మంత్రి ఆంథనీ ఈడెన్ రేడియోలో దేశరక్షణకు స్వచ్ఛంద సేవకులు కావలెనని పిలుపునిచ్చారు. 17 నుండి 65 ఏండ్లలోపు పురుషులు లక్షల సంఖ్యలో ముందుకు వచ్చారు. ఆ దళమునకే తరువాత హోంగార్డ్ అని పేరు పెట్టారు. మనకు తెలిసిన పోలీసుశాఖ హోంగార్డులవంటివారు కారు వీరు. పగలు తమ పని చూచుకొని, జీతము లేకుండ, రాత్రులు వంతెనలకు, రైలుమార్గములకు, ఫ్యాక్టరీలకు కాపలా కాసేవారు. మొదటి నెలలలో చాలమందికి తుపాకులు కూడ లేవు. ఒకనాడు కప్పు అందుకొన్న నాయకుడు డకట్ యాభై దాటిన వయస్సులో ఆ వరుసలో ఒకడుగా నిలిచారు.

1942 జూలై 23న లార్డ్స్ మైదానములో సర్రీ హోంగార్డ్, ససెక్స్ హోంగార్డ్ జట్లమధ్య ఆట జరిగింది. పదేండ్లకు ముందు, 1932లో, సి.కె. నాయుడు నాయకత్వమున భారతజట్టు తన మొట్టమొదటి టెస్టు ఆడిన మైదానమే అది. భోజన విరామము తరువాత డకట్ 29 పరుగులతో ఆడుచున్నారు. ఒక బంతిని కొట్టారు. ఫీల్డరు దానిని బౌలరుకు తిరిగి ఇచ్చాడు. తరువాతి బంతి పడకముందే ఆయన నేలకు ఒరిగిపోయారు. గుండె ఆగిపోయింది. 56 సంవత్సరముల వయస్సు. ఆటను అంతటితో నిలిపివేశారు. స్కోరుపుస్తకములో ఆయన పేరు ఎదుట మిగిలినది "నాటౌట్ 29".

ఈ జీవితములో తప్పిపోయిన అవకాశములు ఉన్నవి. వాటిలో ఒకటి తిరిగి వచ్చింది, ఒకటి రాలేదు. రెండు సందర్భములలోను మరునాడు చేయవలసిన పని ఒకటి ఆయనకు ఉన్నది. ఆ పనిని ఆయన చేశారు, అది మునుపటికంటె చిన్నదైనా సరే.

కనుక తలిదండ్రులారా, ఈసారి మీ బిడ్డ తలవంచుకొని ఇంటికి వచ్చినప్పుడు "అయిపోయింది" అనే మాట మీ నోట రానీయకండి. ముందు అన్నము పెట్టండి. "రేపు ఏమి చేద్దాము?" అని అడగండి. యువతీ యువకులారా, ఆ ప్రశ్నకు జవాబు చిన్నదైనను సిగ్గుపడకండి. ఒక ఫారము తెచ్చుకొనుట కావచ్చు, ఒక పాఠము మళ్లీ తెరచుట కావచ్చు. రేపు ఉదయము అక్కడనుండే మొదలుపెట్టండి.