రికార్డుయంత్రము - నాదశుద్ధి

పాట సరిగా వినబడనిచో మనము మొదట స్పీకరునే నిందింతుము. దోషము తరచు క్రింది పళ్లెమునందుండును. రికార్డు గాడిలోని మెలికలు మిక్కిలి సూక్ష్మములు. ముల్లు వానితోపాటు యంత్రపు టదరును గూడ ధ్వనిగా మార్చును. కావున పళ్లెము బరువుగా నుండుట మేలు. బరువైనది కుమ్మరిసారె వలె నొకే వేగమున తిరుగును. వేగము తడబడినచో దీర్ఘస్వరము వణకును. పళ్లెమును రబ్బరుపట్టీతో త్రిప్పు యంత్రములలో మోటారు గురగుర ముల్లును చేరుట తగ్గును.

నాదముకన్న ముఖ్యమైనది రికార్డు క్షేమము. 1948లో అమెరికాలో వెలువడిన ఎల్‌.పి. రికార్డు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. దాని గాడి సన్నము. పెద్దలనాటి 78 చుట్ల రికార్డు గాడి అంతకు సుమారు మూడింతలు వెడల్పు. ఒకదాని ముల్లు వేరొకదానికి తగదు. నేటి ముల్లు సాధారణముగా 2 గ్రాముల బరువుతో నానును. పాత తాళపు గ్రామఫోనుది 100 గ్రాములకు మించి నొక్కును. దానిపై ఎల్‌.పి.ని వేయరాదు. అరిగిన గాడి మరల రాదు.

మేము మనవి చేయునది యిది: యంత్రమును సమతలమైన గట్టి బల్లపై నుంచుడు, స్పీకరును వేరుగా నుంచుడు, ముల్లును, దాని బరువును సరిచూడుడు. క్రొత్త స్పీకరు కొనుట పిదప నాలోచింపవచ్చును.