సూదంటురాయి సంచి

అయస్కాంతానికి మన పెద్దలు పెట్టిన పేరు సూదంటురాయి. సూదిని అంటించుకొనే రాయి అని అర్థం. ఆ పేరులో దాని గుణమూ వుంది, దాని హద్దూ వుంది. సూది ఇనుముది కనుక అంటుకుంటుంది. వెండి సూది అయితే అంటుకోదు. ప్రొద్దుటూరు బంగారు బజారులో పనిచేసేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆకురాయితో నగను రాచినప్పుడు రాలే పొడిలో ఇనుపరజను కూడా కలుస్తుంది. కంసాలి ఆ పొడి మీద అయస్కాంతాన్ని తిప్పితే ఇనుము దాని వెంట పోతుంది, బంగారం వున్నచోటనే వుంటుంది.

ఇప్పుడీ సూదంటురాయి మోటారుసైకిలు ఎక్కింది. దుకాణాల్లో దీన్ని ‘ట్యాంక్ బ్యాగ్’ అంటారు. సంచి అడుగునో, పక్క రెక్కల్లోనో అయస్కాంతపు బిళ్ళలు కుట్టి వుంటాయి. పెట్రోలు ట్యాంకు మీద పెడితే చాలు, టప్పున పట్టుకుంటుంది. తాళ్ళు లేవు, ముళ్ళు లేవు. హ్యాండిలుకు సంచి తగిలించి, అది మోకాలికి కొట్టుకుంటూ, మలుపు తిరిగినప్పుడల్లా బండిని ఒక పక్కకు లాగే అవస్థ కంటె ఇది ఎంతో మేలు. బరువు బండికి నడుమనే వుంటుంది, సామాను కళ్ళముందే వుంటుంది.

అయితే కొనబోయే ముందు మీ ట్యాంకు దేనితో చేసిందో చూసుకోండి. 1955లో మద్రాసు మోటార్స్ వారితో కలిసి ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా మన దేశంలో తయారుచేసిన బుల్లెట్టు వంటి బండ్లకు ట్యాంకు ఉక్కురేకుది. సంచి చక్కగా అంటుకుంటుంది. కొత్తరకం బండ్లలో కొన్నిటికి పైన కనిపించేది ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. అల్యూమినియం ట్యాంకులూ వున్నాయి. ఈ రెండింటి దగ్గరా సూదంటురాయి బంగారం దగ్గర ఓడిపోయినట్లే ఓడిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అంటించే చిన్న అయస్కాంతపు బొమ్మను తీసుకువెళ్ళి ట్యాంకుకు తగిలించి చూడండి. పరీక్షకు కానీ ఖర్చు లేదు.

ట్యాంకు ఉక్కుదే అయినా మనవాళ్ళు చాలామంది రంగు చెడకుండా దానికి రెక్సిన్ తొడుగు వేయిస్తారు. అక్కడ చిక్కు వస్తుంది. అయస్కాంతానికి, ఇనుముకు నడుమ ఎడం కొద్దిగా పెరిగినా పట్టు చాలా తగ్గిపోతుంది. నురుగు మెత్త వున్న తొడుగు మీదనో, నాలుగు మడతల తువ్వాలు మీదనో సంచి పెడితే అది పట్టుకున్నట్లు నటిస్తుందే గాని పట్టుకోదు. సంచి పెట్టే రోజున ఆ తొడుగు తీసివేయడమే మంచిది.

ఇక ముఖ్యమైన సంగతికి వస్తాను. ఫ్రిజ్ తలుపు మీది బొమ్మనే మళ్ళీ చూడండి. దాన్ని నిటారుగా పెరకబోతే మొరాయిస్తుంది. వేలితో పక్కకు నెడితే సులువుగా జరిగిపోతుంది. పెరికితే రానిది జరిపితే జరుగుతుంది! సంచి సంగతీ అంతే. గతుకుల్లో అది పైకి ఎగిరిపడదు. కాని ఎదురుగా గొర్రెలమంద అడ్డం వచ్చి మీరు గట్టిగా బ్రేకు వేస్తే సంచి ముందుకు జారుతుంది. జారి హ్యాండిలుకు అడ్డం పడిందంటే బండి మీ మాట వినదు. అందుచేత సంచి ముందువైపు వచ్చే పట్టీని బండి మెడకు తప్పక బిగించాలి. పట్టీ లేని సంచిని కొనకండి. బయలుదేరేముందు హ్యాండిలును కుడికీ ఎడమకూ పూర్తిగా తిప్పి చూడండి. సంచి ఎక్కడా తగలకూడదు.

బరువు నాలుగైదు కిలోలకు మించనివ్వకండి. ప్రొద్దుటూరునుంచి జమ్మలమడుగు, అక్కడినుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల పోయి చుట్టాలను చూసివచ్చే గృహస్థు వెళ్ళేటప్పుడు ఈ నియమం పాటిస్తాడు. వచ్చేటప్పుడు తోటలోని చీనీకాయలు కళ్ళకు కనిపిస్తాయి. సంచి గొంతుదాకా నిండుతుంది. చీనీకాయలకు బస్సు వుంది. సంచికి మాత్రం అంత బలం లేదు.

జమ్మలమడుగుకు పదిహేను కిలోమీటర్ల దూరాన వున్న గండికోటకు పోయినవారు సంచిని కింద పెట్టేటప్పుడు జాగ్రత్తపడాలి. ఏటి ఇసుకలో అయస్కాంతం తిప్పితే సన్నని నల్లని రేణువులు మీసాల్లా అంటుకోవడం బడిపిల్లలకు తెలిసిన ఆటే. పెన్న ఒడ్డున ఇసుకలో పెట్టిన సంచి అడుగునా అదే జరుగుతుంది. దాన్ని అలాగే ట్యాంకు మీద పెడితే ఆ రేణువులు రంగును గరుకు కాగితంలా గీస్తాయి. పెట్టిన ప్రతిసారీ సంచి అడుగు, ట్యాంకు రెండూ తడిగుడ్డతో తుడవాలి. తీసేటప్పుడు ఈడ్చకుండా ఎత్తి తీయాలి.

ఎండకు అయస్కాంతం నీరసపడుతుందేమోనని కొందరికి అనుమానం. బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని 1980ల మొదట జపానులో మసాటో సగావా, అదే రోజుల్లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారు వేర్వేరుగా తయారుచేశారు. దాని మామూలు రకం ఇంచుమించు 80 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే గాని చెడదు. మన కడప ఎండ మనల్ని మాడ్చినా దాన్ని మాడ్చలేదు.

కాని ఆ బలమే కొందరికి కీడు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్నవారు ఇలాంటి అయస్కాంతాలను కనీసం ఆరంగుళాల దూరంలో వుంచాలి. బండి దిగగానే సంచిని మామగారి వొళ్ళో పెట్టి లోపలికి పోయే అల్లుళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. నల్లని అయస్కాంతపు గీత వున్న బ్యాంకు కార్డులనూ సంచి అడుగున పెట్టవద్దు.

ఇంకొకటి. మీకు సులువుగా ఊడివచ్చేది దొంగకూ సులువుగానే ఊడివస్తుంది. ప్రొద్దుటూరులో నగ కొని సంచిలో పెట్టి, టీ తాగడానికి బండి వదిలి వెళ్ళడం కంటె సాహసం లేదు. నగ వంటిమీద వుండాలి, సంచి చేతిలో వుండాలి.

ఇన్నీ విని ఇంట్లో అవ్వ ఒక ప్రశ్న వేస్తుంది. “ఏందిరా అబ్బీ, బిడ్డ కూచునే చోట సంచి పెడితివే! బిడ్డెక్కడ కూచోవాల?” న్యాయమైన ప్రశ్న. మన ఇళ్ళల్లో ట్యాంకు చాలాకాలంగా పసివాడి సింహాసనం. నాన్న చేతుల నడుమ వున్నాడు గదా అని అమ్మకు ధైర్యం. కాని బ్రేకు పడితే సంచి ఎటు జారుతుందో పసివాడూ అటే జారుతాడు. పైగా వాడిని పట్టివుంచడానికి అయస్కాంతమూ లేదు, పట్టీ లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం నడిపేవాడు గాక మరొక్కరినే, అదీ వెనక సీటు మీదనే, కూర్చోబెట్టమంటుంది.

అవ్వకు మనం చెప్పవలసిన జవాబు ఇదే: “బిడ్డకు ఆ చోటు వద్దవ్వా. నలుగురం బస్సులో పోదాం. నేనొక్కడినే పోయే దినం సంచి పెట్టుకుంటా.” సంచి జారిపడితే లోపలి డబ్బా సొట్టపోతుంది. సొట్టను సరిచేసేవాళ్ళు ప్రొద్దుటూరులో చాలామంది వున్నారు.